పెరుగు తోడులో దొరికిన కత్తెర

రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి గడ్డపెరుగు! ఆ పని చేసేవి బాక్టీరియా. వాటినీ వైరస్‌లు పట్టుకుంటాయి. ఒకసారి దాడి చేసిన వైరస్ జన్యువు ముక్కను దాచుకుని, అది మళ్ళీ వస్తే గుర్తుపట్టి కత్తిరించేస్తాయి. పెరుగు తయారీలో వాడే బాక్టీరియాలోనే 2007లో ఈ సంగతి రుజువైంది.

గొంతునొప్పి తెచ్చే మరో బాక్టీరియాలోని ఇలాంటి 'కత్తెర'ను కోరిన చోట జన్యువును కత్తిరించే పనిముట్టుగా 2012లో మలిచింది జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే. 2020లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మనకేం సంబంధం అంటారా? ముదిగొండ ఉన్న ఖమ్మం ప్రాంతంలో తలసేమియా, భద్రాచలం ఏజెన్సీలో సికిల్‌సెల్ ఉన్నాయి. రెండూ వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బులే. రోగి మూలకణాలను బయటికి తీసి, ఆ కత్తెరతో జన్యువును మార్చి, తిరిగి ఎక్కిస్తారు. అప్పుడు కడుపులో బిడ్డకుండే రకం హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది. ఈ చికిత్సను 2023 నవంబరులో బ్రిటన్ మొదట అనుమతించింది. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు!

అంత డబ్బు మనమెక్కడ తేగలం? మన చేతిలో ఉన్నది రక్తపరీక్షే. పైకి ఆరోగ్యంగా ఉన్నా లోపం మోసే 'వాహకులు' కావచ్చు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. కోడలినొక్కదాన్నే ఆడిపోసుకోకండి, లోపం ఇద్దరి నుంచీ రావాలి. జాతకాలతోపాటు హిమోగ్లోబిన్ హెచ్.పి.ఎల్.సి. పరీక్ష కాగితం కూడా చూసుకోండి. మేనరికమైతే మరీ ముఖ్యం. పెళ్ళయిపోయిందా? నెల తప్పగానే డాక్టరుగారిని అడగండి.