మీకు తెలుసా? సలాడ్‌లో బీరు!

మెదక్ హోటళ్లలో సలాడ్ అంటే బిర్యానీ పక్కన పెట్టే ఉల్లిగడ్డ, కీర ముక్కలు, నిమ్మచెక్క. 2016 దాకా మెదక్ జిల్లాలోనే ఉన్న సంగారెడ్డి వైపు మాత్రం పెద్ద పెద్ద బీరు ఫ్యాక్టరీలున్నాయి. ఆ బీరులో నూనె, ఆవపిండి ముద్ద, కాస్త తేనె వేసి గిలక్కొడితే సలాడ్ డ్రెస్సింగ్ తయార్. చేదు తక్కువున్న బీరే మేలు. ఎందుకంటే, బీరును మరిగించి ఇంకబెట్టేకొద్దీ అందులోని హాప్స్ పూల చేదు ముదురుతుంది. మరిగితే మత్తంతా ఎగిరిపోతుందన్నది ఉత్త భ్రమ. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో, వంటలో కలిపి 15 నిమిషాలు ఉడికించినా 40 శాతం ఆల్కహాల్ మిగులుతుంది. పచ్చి డ్రెస్సింగ్‌లో పెద్దగా తగ్గదు, పిల్లల పళ్లెంలోకి వద్దు. అన్నట్టు, మాల్ట్ వెనిగర్ తయారయ్యేదీ బార్లీతో కాచిన బీరులాంటి ద్రవం పులిసే!