గుణకారంలో లేని మనుషులు

డోర్నకల్ నుంచి వచ్చే రైలు మార్గం కారేపల్లి జంక్షన్‌లో ఇల్లెందు, కొత్తగూడెం వైపు చీలుతుంది. ఇలాంటి ఊళ్లలో రైల్వే గేటు తీసేసి ఏం కట్టాలన్నది పెద్ద ప్రశ్న. రోజూ నడిచే రైళ్లను రోడ్డు వాహనాలతో గుణిస్తే లక్ష దాటినచోట పైవంతెన ఖర్చును రైల్వే పంచుకోవడం ఆనవాయితీ. తలమీద కట్టెలమోపుతో పట్టాలు దాటే మనిషి ఆ గుణకారంలో లేరు. అందుకే నాకు అండర్‌పాసే మేలనిపిస్తుంది: పైవంతెనంత ఎత్తు ఎక్కే పని లేదు, చుట్టుదారీ ఉండదు.

వానొస్తే అది చెరువవుతుందంటారు. నిజమే. కానీ అది నీటిదారి చూడకుండా తవ్విన తప్పు. వాగువైపు వాలు, పక్కకాలువ, పంపు మొదటి అంచనాలోనే ఉండాలి. నీరు పోయే పల్లమే లేనిచోట గేటు, గేట్‌మ్యాన్ కొనసాగాలి. కాపలా లేకపోతే ఏమవుతుందో చూశాం: 2014లో మాసాయిపేట దగ్గర కాపలాలేని లెవెల్ క్రాసింగ్ వద్ద స్కూలు బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు చనిపోయారు.