సుగంధ తైలములు - మొండి క్రిములు



మన పోపులపెట్టెలోని లవంగములు, వాము, దాల్చినచెక్క నేడు శాస్త్రజ్ఞుల ప్రయోగశాలల కెక్కినవి. వాని తైలములను యాంటీబయాటిక్ మందులతో జోడించి, ఆ మందులకు లొంగని సూక్ష్మక్రిములను అణచుటకు పరిశోధనలు జరుగుచున్నవి. వార్త సంతోషకరమైనదే, కాని యందలి మర్మ మెఱుగక తొందరపడినచో కీడు వాటిల్లును.

క్రిములు మందునకు లొంగకపోవుట యేల? 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను. చాలీచాలని మోతాదున వాడినచో క్రిములు మొండికెక్కునని 1945లో నోబెల్ బహుమానము నందుకొనుచు చేసిన యుపన్యాసమున ఆయనయే హెచ్చరించెను. అట్లే జరిగినది. కొన్ని క్రిములు మందును విఱిచివేయు పదార్థమును పుట్టించును. కొన్ని తమ పైపొరను బిగించుకొనును. మఱికొన్ని లోనికి వచ్చిన మందును వెలికి తోడివేయును. 2019లో లోకమందు సుమారు 12 లక్షల 70 వేలమంది యిట్టి మొండితనము మూలముననే మరణించిరని పండితుల అంచనా.

ఇక తైలముల పని యేమన, లవంగములలో యూజినాల్, వాములో థైమాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్ అను ద్రవ్యములు కలవు. మనవారు వాముపువ్వు అనునది ఆ థైమాలే. ఇవి క్రిమి పైపొరలోని క్రొవ్వున చొచ్చి దానిని సడలించును. కోటగోడకు గండిపడగా సేన జొరబడినట్లు, మందు లోనికి పోవును.

ఈ పొత్తును పరీక్షించు విధము ముచ్చటైనది. చదరంగపు బల్లవలె గళ్లుగల పలకలో ఒక దిక్కున మందును, వేఱొక దిక్కున తైలమును గడిగడికి సగము తగ్గించుచు పోయుదురు. విడివిడిగా కావలసిన దానిలో నాల్గవవంతు మందును, నాల్గవవంతు తైలమును కలిసి క్రిమి పెరుగుదల నాపినచో, అవి పరస్పరము తోడ్పడినట్లు లెక్క. కొన్ని జతలు నెగ్గినవి, కొన్ని నెగ్గలేదు.

అయినను పలకపై గెలుపు వేఱు, దేహమందు గెలుపు వేఱు. తైలపు పాళ్లు నేలను, ఋతువును బట్టి మారును. క్రిమి పొరను చీల్చు మోతాదు మన కణములను సైతము చెఱుపవచ్చును. లవంగతైలము మింగిన పసిబిడ్డలకు కాలేయము చెడుటయు, నీలగిరి తైలము, కర్పూరతైలము మింగిన పిల్లలకు మూర్ఛలు వచ్చుటయు వైద్యు లెఱిగినవే. చారులో వాము వేయుట వేఱు. బిడ్డకు తైలము చెంచాతో త్రాగించుట వేఱు. “చెట్టునుండి వచ్చినది హాని చేయునా?” యని కొందఱు పెద్ద లందురు. గన్నేరుపప్పును చెట్టునుండి వచ్చినదే గదా!

కావున ఆ జతలను కూర్చుపని పరిశోధకులకు విడుతము. మన చేతిలో నున్నపని వేఱొకటి కలదు. వైద్యుని మాటలేక యాంటీబయాటిక్ కొనకుండుట, జలుబునకు దానిని వాడకుండుట, జ్వరము తగ్గినంతనే మన యిష్టముచొప్పున మానకుండుట, పెద్దబిడ్డకు మిగిలిన మాత్రలు చిన్నబిడ్డకు వేయకుండుట. ఉన్న మందుల పదును చెడకుండ కాపాడుటలో గృహిణి పాలు తక్కువ గాదు.