కనిష్క విమానము: ఎవరి మృతులు?

విమానము కూలినదను వార్త వచ్చినప్పుడు ఎందఱు చనిపోయిరని లోకమంతయు మొట్టమొదట నడుగును. రెండవ ప్రశ్న నెవరును పైకి అడుగరు. కాని ప్రభుత్వముల చేతలయందును, పత్రికల శీర్షికలయందును, ప్రజల మౌనమునందును దానికి ప్రత్యుత్తరము కనబడుచునే యుండును. చనిపోయినవారు మనవారా, పరాయివారా యనునదియే యా ప్రశ్న. 1985వ సంవత్సరము జూన్ 23వ తేదీన అట్లాంటిక్ మహాసముద్రముపై నాశనమైన కనిష్క విమానము విషయమున ఈ ప్రశ్నకు సరియైన ప్రత్యుత్తరము చెప్పుటకు కెనడా దేశమునకు ఇరువదియైదు సంవత్సరములు పట్టెను. బిడ్డలను విదేశములకు పంపుకొనుచున్న మనము ఆ చరిత్రను తెలిసికొనుట యవసరము.

నాడు ప్రభుత్వ సంస్థయైన ఎయిరిండియాకు చెందిన ఆ విమానము మాంట్రియలునుండి లండను మీదుగా ఢిల్లీకి, అచ్చటినుండి బొంబాయికి రావలసియుండెను. అందు 307 మంది ప్రయాణికులును, 22 మంది సిబ్బందియు నుండిరి. పాఠశాలలకు వేసవి సెలవులు వచ్చిన దినము లగుటచే, తాతలను అమ్మమ్మలను చూచుటకు బయలుదేరిన పిల్లలే ఎనుబదిమందికి పైగా నుండిరి. ఐర్లండు తీరమునకు చేరువలో, 31,000 అడుగుల యెత్తున పోవుచుండగా, విమానము ముందుభాగమున సామానుల గదిలో నున్న బాంబు ప్రేలెను. సహాయము కోరుటకైనను చాలకులకు వ్యవధి లేకపోయెను. 329 మందిలో నొక్కరును బ్రతుకలేదు. సముద్రమునుండి దొరకిన శవములు 131 మాత్రమే. అదేదినమున, దీనికి సుమారు గంట ముందుగా, జపానులోని నారిటా విమానాశ్రయమున మఱియొక ఎయిరిండియా విమానములోనికి చేర్చవలసిన పెట్టె ప్రేలి యిద్దఱు జపాను కార్మికులను బలిగొనెను. రెండు పెట్టెలును కెనడాలోని వాంకూవరు నగరముననే విమానముల కెక్కింపబడినవి. పెట్టెల నప్పగించినవారు విమానము లెక్కలేదు. పెట్టెలు మాత్రము ప్రయాణము చేసినవి. 2001వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీ వఱకు విమానములకు సంబంధించిన దౌర్జన్యకృత్యములలో ఇంతమందిని చంపినది మఱియొకటి లేదు.

అంతకు ముందటి సంవత్సరము అమృతసరములోని స్వర్ణమందిరమున సైనికచర్య జరిగెను. అదే సంవత్సరము నవంబరులో ఢిల్లీ మొదలగు పట్టణములలో నిరపరాధులైన సిక్కులను మూకలు వధించెను. ఆ గాయములను సాకుగా చేసికొని, కెనడాలో స్థావరమేర్పఱచుకొనిన కొందఱు వేర్పాటువాదులు ఈ ఘోరమునకు పూనుకొనిరి. ఏ యన్యాయమునకును ఈ పసిబిడ్డల చావు ప్రతీకారము కానేరదు.

వార్త తెలియగానే కెనడా ప్రధానమంత్రి బ్రియన్ మల్రోనీ మన ప్రధానమంత్రి రాజీవగాంధికి టెలిఫోనుచేసి సంతాపము తెలిపెను. విమానము భారతదేశపు పతాకము ధరించినది. కావున ఆ సంతాపమునందు స్వతహాగా దోషము లేదు. కాని మృతులలో 268 మంది కెనడా పౌరులు. భారతపౌరుల సంఖ్య 24 మాత్రమే. చనిపోయినవారిలో నధికసంఖ్యాకులు కెనడాలో పన్నులు కట్టినవారు, కెనడా ఆసుపత్రులలో రోగులను చూచినవారు, కెనడా పాఠశాలలలో చదువుకొనుచున్న చిన్నవారు. తన యింట చావు వచ్చినప్పుడు పొరుగింటికి పరామర్శకు పోయినట్లున్నది ఆ ప్రధానమంత్రి చేసిన పని. ఆ టెలిఫోను వార్త టొరంటోలోను, మాంట్రియలులోను భార్యాబిడ్డలను పోగొట్టుకొని కూర్చున్న గృహస్థుల చెవిని పడినప్పుడు వారికి కలిగిన బాధ యింతయని చెప్పనలవికాదు. తామెవరి ప్రజలమని యనుకొనుచుండిరో ఆ ప్రభుత్వము తమను దాటి చూచినదని వారికి తెలిసిపోయెను.

ఇది యొక వ్యక్తి పొరపాటు మాత్రమే కాదు. పత్రికలును, ప్రజలును చాలవఱకు ఆ త్రోవనే నడచిరి. భారతదేశపు విమానము, భారతదేశపు కలహము, భారతదేశపు పేరులు. కావున ఇది భారతదేశపు దుఃఖమని అచ్చటి సామాన్యుడు తలంచి యూరకుండెను. వంగదేశమున పుట్టి కొంతకాలము కెనడాలో నివసించిన రచయిత్రి భారతీ ముఖర్జీయు, ఆమె భర్త క్లార్క్ బ్లేజును 1987లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమునే యెత్తి చూపిరి. వారి మాటను నాడు విన్నవారు తక్కువ.

ఈ యుదాసీనత ఒక్కనాట పుట్టినది కాదని మన స్వాతంత్ర్యోద్యమ చరిత్ర నెఱిగినవారికి తోచకపోదు. 1914లో కొమగాటమారు నౌకలో వాంకూవరు చేరిన 376 మంది భారతీయులు బ్రిటిషు సామ్రాజ్యపు ప్రజలే. కెనడాయు ఆ సామ్రాజ్యములోనిదే. అయినను కొద్దిమందిని తప్ప దిగనీయక, రెండుమాసములు రేవులో నుంచి, నౌకను త్రిప్పి పంపివేసిరి. తిరిగి వచ్చినవారిపై కలకత్తాకు చేరువనున్న బజ్‌బజ్‌లో పోలీసులు కాల్పులు జరిపిరి. ఆ నాటి కెనడా శాసనములు తరువాత మాఱినవి. భారతీయులు వచ్చి స్థిరపడుటకును, పౌరులగుటకును హక్కు లభించినది. అయితే శాసనము మాఱినంత త్వరగా మనుష్యుల లెక్క మాఱదు. చీటిపై పౌరుడైనవాడు తన తోటిప్రజల మనస్సులో పౌరుడు కావలెనన్న మఱికొంత కాలము పట్టును. 1985లో ఆ వ్యవధి యెంతయున్నదో తెలియవచ్చెను.

దీనికి ప్రతిగా ఐర్లండు ప్రజలు నడచిన తీరు స్మరింపదగినది. మృతులకును, వారికిని రక్తబంధము లేదు, పౌరసంబంధము లేదు. విమానము తమ తీరమునకు దగ్గఱగా పడినదను నొక్క కారణముచే వారు దానిని తమ యింటి కార్యముగా నెత్తుకొనిరి. నావికులు అలలలోనుండి శవములను చేతులతో తీసిరి. కార్కు నగరపు ఆసుపత్రిలో దాదులును, వైద్యులును, పోలీసువారును వచ్చిన కుటుంబములను వెంటనుండి చూచుకొనిరి. సముద్రముచెంతనున్న అహకిష్టా యను పల్లెలో, సరిగా సంవత్సరము తిరుగునప్పటికి, 1986 జూన్ 23వ తేదీన, నీడగడియారముతో కూడిన స్మారకచిహ్న మావిష్కరింపబడెను. నాటినుండి ఏటేట ఆ దినమున ఆ పల్లెవారు అచ్చట చేరుచున్నారు. కెనడా ప్రధానమంత్రి యొకడు ఆ చోటికి సంస్మరణకై వచ్చుటకు 2005వ సంవత్సరము కావలసివచ్చినది. అప్పటికి ఇరువది సంవత్సరములు గడచినవి.

మృతులు తమవారు కారను భావము మనస్సులో నున్నప్పుడు దుఃఖమే కాదు, న్యాయమును మందగించును. ప్రమాదమునకు ముందు జూన్ 1వ తేదీననే, కాలయంత్రములు గల బాంబులను విమానములలో పెట్టవచ్చునని ఎయిరిండియా హెచ్చరిక పంపియుండెను. అది చేరవలసిన శాఖలన్నింటికి చేరలేదు. జూన్ 4వ తేదీన కెనడా గూఢచారి శాఖవారు అనుమానితులను వాంకూవరు ద్వీపములోని యడవివఱకు వెంబడించి, పెద్దధ్వని విని, తుపాకి కాల్పని తలచి వచ్చివేసిరి. ప్రయాణదినమున టొరంటోలో సామానులను పరీక్షించు ఎక్స్‌రే యంత్రము నడుమ చెడిపోయెను. ప్రమాదము తరువాత, అనుమానితుల సంభాషణలను పట్టిన టేపులలో అధికభాగమును ఆ శాఖవారే చెఱిపివేసిరి. శాఖకును శాఖకును పొత్తు లేకపోయెను. కుటుంబములవారు సమాచారమడిగిన తగిన ప్రత్యుత్తరము లేకపోయెను.

న్యాయస్థానముల చరిత్రయు నిట్లే యున్నది. బాంబుల తయారికి తోడ్పడిన ఇందర్‌జిత్‌సింగ్ రేయత్ ఒక్కడు మాత్రమే శిక్షితుడయ్యెను. నారిటా మరణములకు 1991లోను, కనిష్క మరణములకు 2003లోను శిక్షపడెను. 329 ప్రాణముల విషయమై రెండవసారి విధింపబడినది అయిదు సంవత్సరముల కారాగారము. తక్కిన యిద్దఱు ముద్దాయిలు సాక్ష్యము చాలక 2005 మార్చి 16వ తేదీన విముక్తులైరి. సాక్షులు భయపడినమాట సత్యము. ఆ భయమునకు కారణమును కలదు. బ్రిటిషు కొలంబియాలో పంజాబీ పత్రికను నడపుచు, తాను విన్న మాటలను పోలీసువారికి వాఙ్మూలముగా నిచ్చిన తారాసింగ్ హేయరు 1988లో తుపాకిదెబ్బ తిని నడువలేనివాడయ్యెను. అయినను కలము వదలలేదు. 1998 నవంబరులో ఆయనను తన యింటనే కాల్చి చంపిరి. పత్రికావృత్తి నవలంబించినవారు ఆ పేరును మఱువరాదు.

హేయరు సిక్కు. కనిష్క మృతులలోను సిక్కులుండిరి. కావున ఈ పాపమును ఒక మతమువారి నెత్తిన వేయుట అజ్ఞానము, అన్యాయము. దౌర్జన్యపరులు చేసిన పనికి జాతినంతటిని దూషించుట, చనిపోయినవారిని జాతిని బట్టి పరాయివారని దాటిపోవుట, ఈ రెండును ఒక్క దోషమునకే రెండు ముఖములు.

కెనడా మనస్సు మాఱినదన్నచో అది ప్రభుత్వముల యౌదార్యముచే కాదు. సర్వస్వము కోల్పోయిన కుటుంబములవారు ఇరువదియేండ్లు విసుగక అర్జీలు పెట్టి, సభలు జరిపి, ద్వారములు తట్టుటచే మాఱినది. 2005లో జూన్ 23వ తేదీ దౌర్జన్యమునకు బలియైనవారి జాతీయ సంస్మరణదినముగా ప్రకటింపబడెను. 2006లో విశ్రాంత న్యాయమూర్తి జాన్ మేజరు అధ్యక్షతన విచారణసంఘ మేర్పడెను. 2010 జూన్ 17వ తేదీన వెలువడిన ఆ నివేదిక, ప్రభుత్వశాఖల తప్పిదములు ఒకదానివెంట నొకటిగా వచ్చి యీ ఘోరమునకు దారితీసినవని నిర్ణయించెను. ఇది కెనడాదేశపు విషాదమను మాటను ఆ నివేదిక తన పేరులోనే నిలుపుకొనెను. ఆఱు దినముల తరువాత ప్రధానమంత్రి స్టీఫెన్ హార్పరు టొరంటోలోని స్మారకచిహ్నముకడ నిలిచి, ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పుకొనెను. నాడు పది సంవత్సరముల బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి, ఆ బిడ్డ బ్రతికియున్న ముప్పదియైదేండ్లవాడై యుండవలసిన దినమున ఆ మాట వినవచ్చినది.

అయినను కార్యము పూర్తికాలేదు. 2023లో కెనడాలో జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో పదుగురిలో తొమ్మండుగురు ఈ దుర్ఘటనను గూర్చి తమకు తెలిసినది అత్యల్పమనియో, ఏమియు తెలియదనియో చెప్పిరి. ప్రభుత్వము క్షమాపణ చెప్పవచ్చును గాని, ప్రజల జ్ఞాపకమును ఉత్తరువుచే పుట్టింపజాలదు. అది బడిలో పాఠముగాను, పత్రికలో వ్యాసముగాను, ఊరిలో సభగాను పెరుగవలసినది.

కాలము మాఱినదనుటకు ఒక నిదర్శన మిటీవల కనబడినది. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదునుండి లండనుకు బయలుదేరిన ఎయిరిండియా విమానము లేచిన కొలది క్షణములకే వైద్యకళాశాల వసతిగృహములపై కూలెను. విమానములోని 242 మందిలో ఒక్కడు తప్ప అందఱును, నేలపైనున్న 19 మందియు మరణించిరి. ప్రయాణికులలో 53 మంది బ్రిటిషు పౌరులు. వారిలో పెక్కుమంది గుజరాతీ సంతతివారు. రెండు దినముల తరువాత లండనులో జరిగిన తన జన్మదిన సైనికోత్సవమున బ్రిటిషురాజు నల్లపట్టీ ధరించి, మృతులకై నిముషకాలము మౌనము పాటింపజేసెను. ఒక చిన్న చిహ్నముచే సర్వమును తీరిపోయినదని మేము చెప్పము. కుటుంబములకు సత్యము తెలియుటయే ముఖ్యము. కాని రెండు దినములలో చేయదగిన పని యొకటి కలదనియు, దానికి ఇరువదియైదేండ్లు పట్టనవసరము లేదనియు దీనివలన తేటపడుచున్నది.

మన ప్రభుత్వపు కర్తవ్యమును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. 2024 జూన్ 18వ తేదీన కెనడా పార్లమెంటు, అంతకుముందటి సంవత్సరము హత్యకు గురియైన హర్‌దీప్‌సింగ్ నిజ్జరు స్మృత్యర్థము మౌనము పాటింపగా, వాంకూవరులోని మన దౌత్యకార్యాలయమువారు కనిష్క మృతులకు సంస్మరణసభ ప్రకటించిరి. సభ యోగ్యమైనదే. కాని ఇరుప్రభుత్వముల వాదములలో ప్రత్యుత్తరముగా మాత్రమే ఆ 329 మంది జ్ఞప్తికి వచ్చిన యెడల, వారికి మఱియొకసారి అన్యాయము చేసినట్లగును. కలహము లేని సంవత్సరములలోను జూన్ 23వ తేదీ వచ్చుచునే యుండును.

నేడు కృష్ణా గోదావరీ తీరములనుండియు, తెలంగాణ జిల్లాలనుండియు వేలకొలది యువకులు కెనడాకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు పోవుచున్నారు. పొలము అమ్మియో, తాకట్టుపెట్టియో బిడ్డను పంపిన రైతు, ఆ దేశపు జీతమెంతయని విచారించుచున్నాడు. పౌరసత్వ మెన్నడు వచ్చునని విచారించుచున్నాడు. ఆపద వచ్చినప్పుడు ఆ దేశము నా బిడ్డను తనవాడనునా యను ప్రశ్న కూడ వేసికొనవలయును. అచ్చట స్థిరపడిన మనవారు తమ సంఘములను పండుగలకును పాటకచేరీలకును మాత్రమే పరిమితము చేయక, కనిష్క కుటుంబములవారివలె పౌరులుగా నిలిచి అడుగు నలవాటును పెంపొందించుకొనవలయును. మన యూళ్లకు పొట్టకూటికై వచ్చిన పొరుగు రాష్ట్రముల కూలీలు కర్మాగారములలోను, కట్టడములలోను చనిపోవునప్పుడు మన పత్రికలలో వారి పేరు లెందఱివి వచ్చుచున్నవో, వారి యిండ్లకు మనలో నెవరు పోవుచున్నారో కూడ లెక్కచూచుకొనవలయును. అహకిష్టా పల్లెవారు తమ దేశస్థులు కానివారికొఱకు చేసినదానిని మనము మన దేశస్థులకొఱకైనను చేయవలదా?