ఫొటో తీయమని అడిగింది టూరిస్టులా, ఫోన్ కంపెనీనా?

మీరు రోడ్డు మీద వెళ్తుంటే ఒక జంట ఆపి, "మాకో ఫొటో తీసిపెడతారా ప్లీజ్?" అంటూ ఫోన్ చేతిలో పెట్టిందనుకోండి. కాదనలేం కదా! 2002లో అమెరికాలో చాలామంది అలాగే సరేనన్నారు. తీరా చూస్తే, వాళ్లలో కొందరు సోనీ ఎరిక్సన్ డబ్బులిచ్చి దింపిన నటులు!

టీవీ యాడ్స్‌కి కోట్లు కుమ్మరించకుండా, జనం తిరిగే చోటే ఊహించని పని చేసి అందరి నోళ్లలో నానడాన్ని గెరిల్లా మార్కెటింగ్ అంటారు. జే కాన్రాడ్ లెవిన్సన్ 1984లో ఇదే పేరుతో రాసిన పుస్తకంతో ఈ మాట పాపులర్ అయింది. గ్యాడ్జెట్ కంపెనీలు దీన్ని ఎలా వాడాయో, ఎక్కడ బొక్కబోర్లా పడ్డాయో చూద్దాం.

టీ68ఐ: చేతిలో పెడితే చాలు

అప్పట్లో కెమెరా ఫోన్ అంటే వింత. టీ68ఐకి కెమెరా లోపల ఉండేది కాదు, విడిగా తగిలించుకోవాలి. ఇలాంటిదాన్ని పోస్టర్‌లో చూపిస్తే ఎవరికి అర్థమవుతుంది? అందుకే 10 నగరాల్లో 60 మంది నటులను టూరిస్టుల్లా తిప్పారు. ఫొటో తీసినవాళ్లకి తెలియకుండానే డెమో అయిపోయేది. మరికొందరు నటులు బార్లలో కూర్చునేవాళ్లు. ఫోన్ మోగగానే స్క్రీన్ మీద కాలర్ ఫొటో వచ్చేది, పక్కవాళ్ల చూపు దానిమీద పడేది.

ఐడియా సూపర్. కానీ అడిగితే తప్ప తాము ఎవరో నటులు చెప్పేవాళ్లు కాదు. ఇది మోసం కదా అని వినియోగదారుల తరఫున గట్టి విమర్శలొచ్చాయి.

ఐఫోన్ క్యూ పక్కనే రెండు డాలర్ల ఫోన్

2011 అక్టోబర్‌లో సిడ్నీలో ఐఫోన్ 4ఎస్ కోసం యాపిల్ స్టోర్ ముందు జనం క్యూ కడుతుంటే, కొన్ని అడుగుల దూరంలో శాంసంగ్ తాత్కాలిక షాపు తెరిచింది. రోజూ మొదట వచ్చిన 10 మందికి గెలాక్సీ ఎస్2 రెండు ఆస్ట్రేలియన్ డాలర్లకే! దాంతో అక్కడా క్యూ మొదలైంది. రెండు క్యూలూ కలిసి వార్తలకెక్కాయి. ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, బోర్డు మీద కంపెనీ పేరు కనబడుతూనే ఉంది.

గోడ, ఫుట్‌పాత్ మనవి కావు

2001లో లినక్స్ ప్రచారం కోసం ఐబీఎం శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ఫుట్‌పాత్‌ల మీద గుర్తులు స్ప్రే చేయించింది. కడిగితే పోతాయనుకున్న రంగులు అంత తేలిగ్గా పోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోకి లక్ష డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. 2005లో సోనీ పీఎస్‌పీ కోసం గోడల మీద గ్రాఫిటీ వేయిస్తే, లోకల్ జనం వాటి మీదే సోనీని తిడుతూ రాతలు రాశారు.

బోస్టన్‌ని ఆపేసిన ఎల్ఈడీ బోర్డు

అన్నింటికన్నా పెద్ద పాఠం 2007 జనవరి 31న జరిగింది. ఒక కార్టూన్ షో ప్రచారానికి బ్యాటరీలు, వైర్లు ఉన్న చిన్న ఎల్ఈడీ బోర్డులను 10 నగరాల్లో వంతెనలు, గోడల మీద అతికించారు. మిగతా చోట్ల వారాల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. బోస్టన్‌లో మాత్రం ఒకరు దాన్ని చూసి బాంబేమో అని భయపడి సమాచారం ఇచ్చారు. బాంబ్ స్క్వాడ్ దిగింది, రోడ్లు మూసేశారు, బోర్డులు పెట్టిన ఇద్దరిని అరెస్ట్ చేశారు. చివరికి టర్నర్ సంస్థ, యాడ్ ఏజెన్సీ కలిసి 20 లక్షల డాలర్లు కట్టాయి. కార్టూన్ నెట్‌వర్క్ అధిపతి రాజీనామా చేశారు.

మనకిది సరదా ఎల్ఈడీ ప్రాజెక్టులా కనిపించొచ్చు. కానీ దారినపోయేవాళ్లకి కనబడేది వైర్లు, బ్యాటరీలే. కాలేజీ ఫెస్ట్ కోసమో, స్టార్టప్ కోసమో ఇలాంటిది చేయాలనుకుంటే, ముందు అనుమతి తీసుకుని బోర్డు మీద మీ పేరు, ఫోన్ నంబర్ రాయండి.

ఆ టూరిస్టులు ఇప్పుడెక్కడున్నారు?

మన ఫీడ్‌లోనే! "ఈ ఫోన్ నేనే కొనుక్కున్నా, అదిరింది" అనే రీల్ వెనక ఫ్రీగా వచ్చిన ఫోన్ ఉండొచ్చు. 2002లో నటులు చేసిందీ ఇదే. అందుకే మన దేశంలో యాడ్స్ స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ 2021లో, కేంద్ర ప్రభుత్వం 2023లో మార్గదర్శకాలు తెచ్చాయి. డబ్బు తీసుకున్నా, ఫోన్ ఫ్రీగా వచ్చినా ఇన్‌ఫ్లుయెన్సర్లు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి.

రోడ్డు మీద తెలివైన యాడ్ కనబడితే ఎంజాయ్ చేద్దాం, ఫొటో తీసి ఫ్రెండ్స్‌కి పంపుదాం. కానీ ఎవరైనా ఒక ఫోన్‌ని మరీ ఆకాశానికెత్తేస్తుంటే మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: "బాస్, ఇది నువ్వు కొన్నావా, వాళ్లిచ్చారా?"