సేంద్రియ వైనా? సల్ఫైట్ చూసుకోండి

రాయచూరు: సల్ఫైట్ పడనివారు సీసాపై ‘ఆర్గానిక్’ అన్న మాట ఒక్కటే చూసి ధైర్యపడితే కష్టమే. ద్రాక్షను రసాయన మందులు కొట్టకుండా పండించినా, రసం పులిసేటప్పుడు ఈస్టే కొంత సల్ఫైట్‌ను పుట్టిస్తుంది. అమెరికాలో ఆర్గానిక్ వైన్‌కు దాన్ని విడిగా కలపకూడదు. ఐరోపాలో మాత్రం 2012 నాటి నిబంధనలతో, తీపి లేని ఎర్ర వైన్‌లో లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకున్నారు. పేరు ఒకటే, లెక్కలు వేరు! మన దేశంలో కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే లేబుల్‌పై రాయాల్సిందే.

ఆస్తమా ఉన్నవారిలో కొందరికి ఇది ఆయాసం తెప్పిస్తుంది. వైన్ అందరిళ్లలో ఉండదు గానీ కిస్‌మిస్ ఉంటుందిగా. బంగారు రంగులో మెరిసేది చాలావరకు గంధకం పొగ పట్టించిందే. అంగట్లో విడిగా తూచి పొట్లం కట్టిస్తే లేబులెక్కడిది?