తోసినా పిప్పెన్ ఎందుకు తొణకలేదు?

1991 NBA బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్స్. డెట్రాయిట్ పిస్టన్స్ ఆటగాడు డెనిస్ రాడ్‌మన్ ఒక్క తోపు తోస్తే, షికాగో బుల్స్ స్కాటీ పిప్పెన్ వెళ్లి కోర్టు బయట పడ్డాడు. గడ్డం చీరుకుపోయి కుట్లు పడ్డాయి. లేచాడు. కలబడలేదు, మళ్లీ ఆటలో దిగాడు.

అంతకుముందు మూడేళ్లు వరసగా బుల్స్‌ను ఇంటికి పంపింది పిస్టన్సే. మోచేతి పోట్లు, కవ్వింపులు వాళ్ల ఎత్తుగడ. కోపమొస్తే ఒంట్లో అడ్రినలిన్ ఉరకలేస్తుంది, గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పరుగుకైతే పనికొస్తుందేమో గానీ, 15 అడుగుల దూరం నుంచి ఫ్రీ త్రో వేయాలంటే మణికట్టు మెత్తగా వంగాలి కదా! పైగా రిఫరీ కంట్లో చాలాసార్లు పడేది మొదట గిల్లినవాడు కాదు, తిరిగి కొట్టినవాడు.

మరి కోపాన్ని అదుపులో పెట్టుకోవడం ఎలా? బుల్స్ కోచ్ ఫిల్ జాక్సన్ ఆటగాళ్లచేత ధ్యానం చేయించేవాడు. మీరైతే విజిల్ మోగగానే ముక్కుతో గాలి పీల్చి, అంతకన్నా నెమ్మదిగా వదలండి. గుండె వేగం తగ్గుతుంది. చూపు ఎదుటివాడి మొహం మీంచి బంతి మీదికి తిప్పండి.

ఆ సిరీస్ బుల్స్‌దే, 4-0. చివరి మ్యాచ్‌లో ఇంకా 7.9 సెకన్లు ఉండగానే పిస్టన్స్ ఆటగాళ్లు చాలామంది చేయి కలపకుండా లేచి వెళ్లిపోయారు.